గేటు దగ్గర గొట్టం మార్చే మనిషి

ఆ వారంలో పోయిన నాలుగో మేకపిల్లకి లొరీన్ గార్మన్ ఇంకా పేరు కూడా పెట్టలేదు. పుట్టి ఒక్క రోజే అయింది. పొద్దున్నే పాక దగ్గరకి దిగేసరికి తల్లి మేక ఒక్కటే నిలబడి కంచె వైపు చూసి అరుస్తోంది. మంచు పట్టిన గడ్డిలో ఏదో ఈడ్చుకుపోయిన జాడ వాగు దాకా ఉంది.

హార్లన్ ఎక్కడ చచ్చాడని మేకనే అడిగింది లొరీన్. మేక చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పైన గేటు దగ్గర ఆమె మొగుడు మోకాళ్ళ మీద కూర్చుని తుపాకీ విప్పుతున్నాడు.

గార్మన్ల పొలం రెండు రాష్ట్రాల్లో కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. తల కెంటకీలో, కాళ్ళు టెన్నెసీలో. ఇల్లూ, గడ్డి కొట్టమూ, లొరీన్ బట్టలారేసే తీగా కెంటకీలో ఉన్నాయి. గేటు దాటి అడుగేస్తే టెన్నెసీ. మేకలు ఈనే పాక మెట్ట దిగువన, టెన్నెసీ వైపు ఉంది, ఎందుకంటే అక్కడే నేల ఆరుతుంది, అక్కడే ఎండ తగులుతుంది. పోయినేడు ఇంటి పక్కనే ఈనిస్తే బురదకీ, నులిపురుగులకీ తొమ్మిది పిల్లలు పోయాయి. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఒక ఏడాది పాటు ఆ నేల మీద మేక కాలు పడకూడదన్నాడు. అందుకని ఈ మార్చి నెలంతా మేకలు కిందే ఉండాలి. ముప్ఫై ఒక్క మేకలు. పదకొండేళ్ళుగా రెండింటితో మొదలెట్టి లొరీన్ పెంచుకొచ్చిన మంద. కింద వాగు అవతల కొయోటీ నక్కలు కాపురం పెట్టాయి. వాటికి గేటూ లేదు, గీతా లేదు. ఆకలేస్తే వస్తాయి.

హార్లన్‌కి గీత ఉంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

హార్లన్ ఎడమ చేతికి రెండు వేళ్ళే మిగిలాయి. బొటనవేలూ, చూపుడువేలూ. మిగతా మూడూ ఆరేళ్ళ కిందట గడ్డి మోపులు చుట్టే యంత్రం తీసుకుంది. అప్పట్నుంచీ మామూలు రైఫిలు పట్టుకుంటే మూతి బరువుకి ముందుకు వాలిపోతోందని, రెండేళ్ళ కిందట పదిన్నర అంగుళాల గొట్టంతో ఒకటి కట్టించుకున్నాడు. చూడ్డానికి తోక తెగిన కుక్కలా ఉంటుందది. కానీ ఆ రెండు వేళ్ళ మీద పిచ్చుకలా కూర్చుంటుంది. పదహారు అంగుళాలకి తక్కువ గొట్టం ఉన్న రైఫిలుని దేశమంతా ఏలే పెద్ద సర్కారు దగ్గర రిజిస్టరు చేయించాలి. చేయించాడు. పన్ను కట్టాడు. తుపాకీ ఒంటి మీద తన పేరూ ఊరూ చెక్కించాడు. వేలిముద్రలు అడిగితే, లేని మూడు వేళ్ళ గళ్ళలో "యంత్రంలో వెతుక్కోగలరు" అని రాయబోయాడు. లొరీన్ పెన్ను లాక్కుంది.

అంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ పొట్టి తుపాకీని రాష్ట్రం గీత దాటించాలంటే ముందుగా ఇంకో ఫారం పంపి సరే అనిపించుకోవాలి. పంపాడు. ఎక్కడినుంచి అన్న చోట ఇంటి చిరునామా రాశాడు. ఎక్కడికి అన్న చోట కూడా అదే రాశాడు, తనకున్న చిరునామా అదొక్కటే మరి. పక్కన పాక బొమ్మ గీసి, దానికి బాణం గుర్తు కూడా పెట్టాడు. మూడు వారాలకి ఫారం తిరిగొచ్చింది, గమ్యం ఏదో తేల్చి మళ్ళీ పంపమని. ఫారం రెండో ప్రయాణంలో ఉండగానే మేకలు ఈనడం మొదలెట్టాయి.

అప్పుడు డాయల్ ఒక దారి చెప్పాడు. డాయల్ అంటే ఊళ్ళో దాణా కొట్టు వెనక గదిలో తుపాకులమ్మే మనిషి, లైసెన్సున్నవాడు. పొడుగు గొట్టం తొడిగినంతసేపూ అది మామూలు రైఫిలు కిందే లెక్క, ఏ గీత అయినా దాటొచ్చు, పొట్టి గొట్టం మాత్రం వెంట ఉండకూడదు అన్నాడు. ఒక పాత పొడుగు గొట్టం తీసి, తుపాకీకి తగిలించి, మూతిలోంచి సన్నటి కర్ర లోపల తగిలేదాకా దింపి, గీత పెట్టి, కర్ర తీసి కొలిచి చూపించాడు. పదహారూ పావు. రెండు పిన్నులు తోస్తే పాతది ఊడుతుంది, రెండు పిన్నులు తోస్తే కొత్తది కూర్చుంటుంది. వేళ్ళు పదీ ఉన్నవాడికి అర నిమిషం పని.

హార్లన్ గేటు స్తంభానికి ఒక పాత పోస్టు డబ్బా కొట్టాడు. కిందకి వెళ్ళేటప్పుడు పొట్టి గొట్టం అందులో, అంటే కెంటకీలో పెట్టి, పొడుగుది తొడుక్కుని టెన్నెసీలోకి దిగుతాడు. పైకొచ్చేటప్పుడు మళ్ళీ మార్చుకుంటాడు. లొరీన్‌కి అది మొదట్లో నవ్వులాటగానే ఉండేది. గొట్టం మార్చుకునేలోపల నక్క బిస్కట్ రొట్టెలు కాల్చుకుని తినేసి పోతుంది అనేది. నాలుగో పిల్ల పోయాక ఆ మాటకి నవ్వు రాలేదు.

ఆ పొద్దున ఆమె ఎద ఎగిసిపోయేలా మెట్ట ఎక్కి గేటు దగ్గరకి వచ్చింది. హార్లన్ అప్పటికి తుపాకీ పక్కన పెట్టేసి, ట్రక్కు వెనక తలుపు దించుకుని, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాడు. కళ్ళజోడు ముక్కు చివర ఉంది. నాలుక కొంచెం బయటికి వచ్చి ఉంది.

"ఏం రాస్తున్నావు?"

"ఉత్తరం."

"ఎవరికి?"

"తుపాకీ రిజిస్టరు చేసిన ఆఫీసుకి. గొట్టం మార్చినప్పుడల్లా తెలియజెయ్యాలి కదా. దిగేటప్పుడొకటి, ఎక్కేటప్పుడొకటి."

లొరీన్ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. కిందినుంచి తల్లి మేక ఇంకా అరుస్తూనే ఉంది. "పాక దగ్గర పిల్లని ఈడ్చుకుపోతుంటే నువ్వు ఇక్కడ కూర్చుని ఉత్తరం రాస్తున్నావా?"

"రాసి దిగుదామనుకున్నాను. ముందు రాయకుండా దాటితే తప్పవుతుంది."

"నక్క రాసిందా నీకు, వస్తున్నానని?"

హార్లన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మాట పడ్డప్పుడల్లా ఏదో ఒకటి మడతపెట్టడం అతనికి అలవాటు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో లొరీన్ అతని చేతిలో మడతలు పడని రుమాలు చూసిందే లేదు.

ఎవరు చెప్పారీ నియమమని ఆమె అడిగింది. కర్టిస్ రే చెప్పాడన్నాడు. కర్టిస్ రే అంటే లొరీన్ తమ్ముడు, గ్యాసు సిలిండర్ల లారీ తోలుతాడు, ఊళ్ళో ఆటపట్టించని మనిషిని మిగల్చలేదు. పాస్టరుగారి కుర్చీలో గోధుమరంగు ఆవముద్ద పూసినవాడు, సొంత పెళ్ళిలో ఉంగరం బదులు నట్టు జేబులో పెట్టుకొచ్చినవాడు. అలాంటివాడి మాట ఎలా నమ్మావని అడిగితే, ఊరికే చెప్పలేదు, దాణా కొట్టులో బల్ల దగ్గర అందరి ముందూ నియమాల కాగితం పట్టుకుని చదివాడు అన్నాడు హార్లన్. అచ్చు కాగితం. సర్కారు ముద్ర కూడా ఉంది.

"ఇప్పటిదాకా ఎన్ని రాశావు?"

"పదకొండు. ఇది పన్నెండు."

లొరీన్‌కి చాలా మాటలు తోచాయి. తోచినవాటిలో ఆదివారం ప్రార్థనకి వెళ్ళే ఆడది అనదగ్గది ఒక్కటీ లేదు. చివరికి అసలు మాట అనేసింది. ఇంకొక్క పిల్ల పోయిందంటే శనివారం సంతకి లారీ పిలుస్తాను, మందంతా ఎక్కించేస్తాను, ఒక్కో పిల్లని కడుపులో మోసినంత పని చేసి నక్కలకి మేపడం నా వల్ల కాదు అంది.

"నువ్వు వాటిని అమ్మవు," అన్నాడు హార్లన్, నెమ్మదిగా.

"చూస్తూ ఉండు."

అతను చూశాడు. ఆమె మొహం చూసి, మడిచిన కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

ఆమె తనే తుపాకీ పట్టుకుంటే పోయేది కదా అని ఊళ్ళో అన్నవాళ్ళున్నారు. లొరీన్ కళ్ళకి పొర కమ్మింది, ఏప్రిల్‌లో ఆపరేషను. నలభై అడుగుల అవతల నిలబడ్డది నక్కో, కుక్కో, పాస్టరుగారో ఆమెకి తెలీదు. పైగా ఆ రైఫిలు హార్లన్ ఒక్కడి పేరు మీదే ఉంది. అతను పక్కన లేకుండా పొట్టి గొట్టంతో అది ఆమె చేతిలో ఉండటం కూడా తప్పేనట. పోనీ కర్టిస్ రేని కాపలా పెడదామా అంటే, వాడు కొట్టం గోడకి గురిపెడితే కొట్టం బతికిపోతుంది.

అందుకే గంట తిరక్కుండా ఆమె దాణా కొట్టులో ఉంది. పొద్దుటి పూట ఆ కొట్టులో కిటికీ పక్క బల్ల చుట్టూ ఏడుగురు మగాళ్ళు కూర్చుని, బిస్కట్ రొట్టెల మీద గ్రేవీ పోసుకుని దేశంలో చట్టాలన్నీ చెబుతూ ఉంటారు. ఆ బల్ల దగ్గర లాయర్లు కానివాళ్ళు లేరు. అసలు లాయరు మాత్రం ఒక్కడూ లేడు. లొరీన్ తలుపు తోసుకుని వచ్చింది. అందరూ ప్లేట్లలోకి చూశారు. కర్టిస్ రే ఒక్కడే పైకప్పు వైపు చూశాడు.

ఆమె వాడి దగ్గరకి వెళ్ళలేదు. నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, డాయల్‌ని చెయ్యి పట్టుకుని తెచ్చి బల్ల ముందు నిలబెట్టింది. గొట్టం మార్చినప్పుడల్లా ఆఫీసుకి రాయాలా వద్దా, అందరూ వినేలా చెప్పమంది.

డాయల్ తక్కువ మాట్లాడే మనిషి. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు. గొట్టం పొడుగునో, తూటా సైజునో ఇక ఎప్పటికీ అలాగే ఉంచేట్టు మారిస్తే ఒక ఉత్తరం రాయమంటారు. తాత్కాలికంగా మార్చుకుంటే రాయక్కర్లేదు. మొదటి గొట్టం దగ్గరుంచుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పెట్టుకోగలిగితే చాలు. రోజుకి పదిసార్లు మార్చుకున్నా ఎవరూ ఏమీ అనరు.

"మరి కాగితంలో ఉందన్నారే."

"కాగితంలో రెండు పేరాలున్నాయి," అన్నాడు డాయల్. "రెండూ చదవాలి."

అప్పుడు లొరీన్ తమ్ముడి వైపు తిరిగింది. కర్టిస్ రే అప్పటికి కుర్చీలో సగానికి సగం కిందికి జారాడు. యాభై రెండేళ్ళ మనిషి, గడ్డం నెరిసింది, అక్క చూపు తగిలితే ఇప్పటికీ ఎనిమిదేళ్ళవాడైపోతాడు. కాగితం కింది సగం మడిచిపెట్టి పై సగం చదివానని ఒప్పుకున్నాడు.

"ఒక్కరోజు ఆట పట్టిద్దామనుకున్నానక్కా. ఒక ఉత్తరం రాస్తాడు, నవ్వుకుందాం, చెప్పేద్దాం అనుకున్నా. బావ రోజూ రెండు తెచ్చి చేతిలో పెట్టడం మొదలెట్టాడు. నేను పోస్టాఫీసు మీదుగానే పోతాను కదా, వేసెయ్ అని."

"వేశావా?"

"వేస్తానా? సర్కారుకి వేసి బావని పిచ్చాసుపత్రిలో పెట్టిస్తానా?"

ఉత్తరాలన్నీ లారీలో, ఎండకి అడ్డం పెట్టే రేకు వెనక ఉన్నాయి. వాడు వెళ్ళి తెచ్చాడు. పదకొండు కవర్లు, రబ్బరు బ్యాండు వేసి. పైవి రెండు చింపి ఉన్నాయి. లొరీన్ ఆ రెంటి వైపూ, బల్ల వైపూ చూసింది. బల్ల దగ్గరున్నవాళ్ళకి హఠాత్తుగా గ్రేవీ ఎంతో ముఖ్యమైపోయింది.

"ఇక్కడ చదివావా? వీళ్ళందరికీ?"

"రెండే," అన్నాడు కర్టిస్ రే. తరవాత గొంతు తగ్గించాడు. "రెండోది సగంలో ఆపేశానక్కా. నవ్వు రాలేదు. మిగతావి విప్పలేదు. ఎలా చెప్పాలో తెలీక అలాగే ఉంచేశా."

ఆమె చేతి సంచిలో బంగాళాదుంపలుంటే ఆ రోజు వాడి నెత్తి పగిలేది. లేవు. ఉత్తరాలు లాక్కుని, ఇంత వయసొచ్చి ఒకడి చేతివేళ్ళు లేని చోట చక్కిలిగిలి పెట్టడం తప్ప ఏమీ నేర్చుకోలేదురా అని ఒక్క మాట అని, బయటికి వచ్చి ట్రక్కులో కూర్చుంది. 

అవి చదవాలని ఆమె అనుకోలేదు. రెండోది తెరిచి ఉంది కాబట్టి చూసింది. తరవాత మూడోది చింపింది. దగ్గరి అక్షరాలు ఆమెకి బాగానే కనిపిస్తాయి.

"అయ్యా, ఈ రోజు పొద్దున ఆరూ పదికి పొట్టి గొట్టం తీసి పొడుగుది పెట్టాను. అది అప్పుడే రాశాను. ఇప్పుడు ఏడింబావుకి మళ్ళీ పొట్టిది పెట్టాను. మధ్యలో ఒక నక్క వచ్చింది. మేకల మధ్య నిలబడింది. తుపాకీ మూతి ఊగింది. మేకకి తగులుతుందని పేల్చలేదు. ఈ విషయం మీకు అవసరమో కాదో తెలీదు. తమ విధేయుడు, హార్లన్ గార్మన్."

ఆరోదాంట్లో ఇంకా చిన్నగా రాశాడు.

"అయ్యా, మళ్ళీ అదే జరిగింది. కిందికి దిగి, పాక వెనక నిలబడి, దానికేసి గురి పెట్టాను. పొడుగు గొట్టం నా చేతిలో నిలవదు. వేళ్ళు లేవు. ఇందులో గొట్టం తప్పు లేదు. చట్టం తప్పు కూడా లేదు. నా భార్య నేను చట్టానికి భయపడి ఆలస్యం చేస్తున్నాననుకుంటోంది. అలాగే అనుకోనివ్వండి. మీరు జవాబు రాస్తే దయచేసి ఇంటికి కాకుండా నా బావమరిది పేరు మీద రాయండి."

తొమ్మిదోదాంట్లో గొట్టం సంగతి మొదటి లైనులో అయిపోయింది. మిగతాదంతా మేకల గురించి ఉంది. ఏ మేక ఎప్పుడు ఈనింది, దేనికి ఇద్దరు, దేనికి ముగ్గురు, ముగ్గుర్లో చిన్నదాన్ని లొరీన్ పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెట్టి ఎలా బతికించింది.

లొరీన్ పదకొండూ చదివింది. చదివి, అద్దం మీద మంచు కరిగేదాకా అక్కడే కూర్చుంది. అంతవరకూ కోపమంతా ఒకే వైపు పోసుకుంటూ వచ్చింది, ఇప్పుడు దాన్ని ఎటు తిప్పాలో తెలీలేదు. మొగుడి మీద పడదామంటే వీలు కాలేదు. తమ్ముడి మీద అయిపోయింది. చివరికి ట్రక్కు మీద కోపం తెచ్చుకుని, గేరు విరిగేలా వేసి ఇంటికొచ్చింది. ఉత్తరాల సంగతి చెప్పకూడదనుకుంది. చెబితే ఇంటి నిండా మడతలే.

మధ్యాహ్నం చిక్కుడు గింజల పులుసూ మొక్కజొన్న రొట్టే పెడుతూ డాయల్ చెప్పిన నియమం మాత్రం చెప్పింది. రాయక్కర్లేదు, కర్టిస్ రే సగం కాగితమే చదివాడు. హార్లన్ చెంచా ఆపేశాడు. వాడి సంగతి తేలుస్తానంటాడని ఎదురుచూసింది. అనలేదు. రాయక్కర్లేదన్నమాట అన్నాడు, అంతే. ఆ మొహంలో ఊరట లేదు. పొద్దున ఉత్తరం రాయాలనే వంక ఉండేది. ఇక ఆ వంక కూడా పోయింది, పొడుగు గొట్టమూ తనూ మిగిలారు. లొరీన్‌కి అది స్పష్టంగా కనిపించింది, కళ్ళకి పొర ఉన్నా సరే. రొట్టె ఇంకో ముక్క వేసింది. అతను వద్దంటే, తిను, నీ ఒంట్లో మిగిలినవన్నీ పనిచెయ్యాలి కదా అంది.

మర్నాడు తెల్లవారుతుండగా అతనితో పాటు ఆమె కూడా బయల్దేరింది. నువ్వెందుకన్నాడు. ఒక తల్లి మేక పిల్లని తన్నేస్తోంది, దగ్గరుండి పాలు తాగించాలి అంది. అది నిజమే. గేటు దగ్గర అతను గొట్టం మార్చుకుంటుంటే ఆమె లాంతరు స్తంభంలా నిలబడి చూసింది. ఎడమ చేతి రెండు వేళ్ళతో పిన్ను పట్టుకోబోయి మూడుసార్లు జారవిడిచాడు. ఆమె చెయ్యి ముందుకెళ్ళింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అతను సాయం అడగడు. అడగనివాడికి చేస్తే అదో తగువు.

పాకలో పాలు పితికే బల్ల ఉంది. మేకని ఎక్కించి, రెండు నిలువు చెక్కల మధ్య మెడ పెట్టించి, గడియ వేస్తే తల అటూ ఇటూ తిప్పలేదు. తన్నే తల్లులని అలా నిలబెట్టే పిల్లకి పాలు పట్టిస్తారు. లొరీన్ ఆ తల్లికి గడియ వేసి, పిల్లని కిందికి తోసి, అది చప్పరించే చప్పుడు వింటూ బల్ల వైపు చాలాసేపు చూసింది. తరవాత మేక మెడ వదిలించి పక్కకి తోసేసింది. బల్లని చప్పుడు చేస్తూ ఈడ్చుకుంటూ వచ్చి పాక నోటి దగ్గర, వాగు వైపు తిప్పి పెట్టింది. ఆ చెక్కల మధ్య ఒక పాత గోనె ముక్క చుట్టింది.

"తుపాకీ ఇందులో పెట్టు."

"ఎందుకు?"

"నువ్వు పాక చుట్టూ తిరుగుతుంటే మేకలు బెదురుతున్నాయి. ఒకచోట కూర్చో. నాకు చలేస్తోంది, నిన్ను వెతుక్కుంటూ తిరగలేను."

హార్లన్ బల్ల వైపు చూశాడు. చెక్కల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "నీకెవరు చెప్పారు?"

"చెప్పడానికేముంది? మేక తల అందులో కదలదు. నీ గొట్టానికి మేకకంటే పొగరుందా?"

 అతను బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పొడుగు గొట్టాన్ని చెక్కల మధ్య పెట్టాడు. గడియ వదులుగా దింపి, ముందుకీ వెనక్కీ కొంచెం జరిపి చూశాడు. ఎడమ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూతి ఊగలేదు. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు తిరిగి, ఆపిన చోట ఆగింది. అతని భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. ఆ అంగుళం మాత్రం లొరీన్‌కి బాగా కనిపించింది.

చాలాసేపు కూర్చున్నారు. మేకలు నెమరేస్తున్నాయి. ఆమె కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంతకీ కాఫీ ఫ్లాస్కు ఎవరు తెస్తారనుకున్నావని అడిగింది, గుసగుసగానే. నువ్వు తెస్తావనుకున్నానన్నాడు. ప్రతిదానికీ ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే జవాబు అని ఆమె అంటుండగా అతను చూపుడువేలు పైకెత్తాడు.

వాగు ఒడ్డున ఆమెకి బూడిదరంగు తప్ప ఏమీ కనిపించలేదు. మేకలన్నీ ఒక్కసారి నెమరు ఆపాయి. తల్లులు పిల్లల్ని కడుపు కిందికి లాక్కున్నాయి. హార్లన్ ఊపిరి లోపలికి తీసుకోవడం వినిపించింది, వదలడం వినిపించలేదు.

"మేకల్లో ఉందా?" అంది.

"ఇంకా లేదు. ఊరుకో."

తుపాకీ పేలింది. పాక రేకులు మోగాయి. దూలాల మీదినుంచి ఏడాది దుమ్మంతా ఆమె నెత్తిన రాలింది. పడిందా అని అడిగింది. పడిందన్నాడు. రెండోది వాగు దాటి పారిపోయిందన్నాడు. గొంతు మామూలుగానే ఉంది గానీ, గడియ ఎత్తడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. 

అది చూసి ఏదో ఒక మంచి మాట అనాలనుకుంది లొరీన్. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడే చూసింది, తుపాకీ చప్పుడికి మందంతా లేచి మెట్ట మీదికి పరిగెడుతోంది. ముందు పెద్ద మేకలు, వెనక తల్లులు, వాటి వెనక ఎగురుతూ దొర్లుతూ పిల్లలు. తిన్నగా గేటు వైపు.

"గేటు వేశావా?" అంది.

 పిన్నుల గొడవలో పడి గేటు వెయ్యలేదని హార్లన్ మొహమే చెప్పింది.

"ఒరే దేవుడా," అంటూ ఆమె పరిగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రబ్బరు బూట్లు, తిమ్మిరి కాళ్ళు. వెనకాల హార్లన్, ఖాళీ చేసిన తుపాకీ భుజాన వేసుకుని. ముప్ఫై ఒక్క మేకలూ, ఇంకా లెక్క తేలని పిల్లలూ గేటు దాటి కెంటకీలోకి, ఏడాదిపాటు ఒక్క మేక కాలూ పడకూడదని డాక్టరు చెప్పిన బురదలోకి దిగిపోయాయి. ఫారం లేదు, బాణం గుర్తు లేదు, ఎవరినీ అడగలేదు. కొన్ని అప్పుడే ఆ గడ్డి కొరికేస్తున్నాయి కూడా.

గేటు దగ్గర హార్లన్ ఒక్క క్షణం ఆగాడు. అలవాటు ప్రకారం చెయ్యి పొట్టి గొట్టం కోసం డబ్బా మూత మీదికి వెళ్ళింది.

"ఇప్పుడు దాన్ని ముట్టుకున్నావంటే నిన్ను కూడా బల్లలో బిగిస్తాను," అని బురదలోంచి అరిచింది లొరీన్.

అతను చెయ్యి తీసేశాడు. తుపాకీని పొడుగు గొట్టంతోనే ట్రక్కులో పెట్టి తాళం వేసి, బురదలోకి దిగాడు. ఆ తరవాత గంటన్నర సేపు ఇద్దరూ మేకల్ని తోలారు. ఒకదాన్ని కిందికి పంపితే రెండు పైకొచ్చాయి. లొరీన్ ఒకసారి బోర్లా పడింది. హార్లన్ రెండుసార్లు. పిల్లల్ని చంకల్లో రెండేసి చొప్పున దింపుకుంటూ, ఆమె అతన్నీ, కర్టిస్ రేనీ, పశువుల డాక్టరునీ, ఈ గీత గీసినవాళ్ళ తాతముత్తాతలనీ తిట్టింది. మధ్యలో కర్టిస్ రే లారీ రోడ్డు మీద ఆగింది. వాడు దిగి, టోపీ చేతిలో పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాడు. లొరీన్ వాడి చేతుల్లో కొమ్ములున్న మేకపోతుని పెట్టింది. వాడికి అదే సరిపోతుందనిపించింది.

"బావా," అన్నాడు వాడు, పోతు మోకాలి మీద పొడుస్తుంటే, "ఆ ఉత్తరాల సంగతి..."

"ముందు దాని కొమ్ము వదలకు," అన్నాడు హార్లన్.

చివర్లో పేరు లేని పిల్లని పోగొట్టుకున్న తల్లి మేక ఒక్కటే మిగిలింది. బురద మధ్యలో నిలబడి ఇటు చూస్తోంది, దగ్గరకి వెళ్తే పక్కకి తప్పుకుంటోంది. ఇద్దరూ చెరో వైపునుంచి చేతులు చాపుకుంటూ దాని మీదికి వెళ్ళారు. మోకాళ్ళ దాకా బురద. హార్లన్ మొహం మీద ఒక వైపంతా మట్టి.

"లొరీన్," అన్నాడు అతను, మేక మీంచి చూపు తిప్పకుండా. "సంత లారీవాడికి ఫోను చేశావా?"

"ఈ బురదలో లారీ ఎలా దిగుతుంది?" అంది లొరీన్. "మాటలాపి దాన్ని పట్టుకో."